మలెంగా అన్న ఎస్తేరు

నిన్న పొద్దున బాబీ ఫోన్ చేసి "పిన్నీ, మమ్మీ నహీ రహీ" అన్నాడు.

మా ఎస్తేరు పోయింది.

భిలాయిలో, మరోదా కాలనీలో మా పక్క క్వార్టర్ వాళ్లది. పంతొమ్మిది వందల అరవైల్లో వాళ్ల నాన్నగారు ఆఫ్రికాలో, డొడోమాలో రైల్వే ఉద్యోగం వదిలి భిలాయి వచ్చేశారు. తల్లి లేని పిల్ల. అక్కడ ఎత్తుకుని పెంచిన ఆవిడది గోగో భాష. అందుకే దీనికి మొదట వచ్చింది తెలుగు కాదు, గోగో.

"ఏటి" అనడం మేం నేర్పాం. అది మాకు "మలెంగా" నేర్పింది.

మలెంగా అంటే నీళ్లు. వీధి కుళాయి ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. ముందు చూసినవాళ్లం "మలెంగా!" అని కేకేసేవాళ్లం. పక్క లైన్‌వాళ్లు తేరుకునేలోపు మా బిందెలు నిండిపోయేవి!

చివరికి మడి కట్టుకున్న మా అమ్మ కూడా "ఏటే, మలెంగా వచ్చీసిందా?" అని అడిగేది.

పొద్దున్నే కనపడితే "మ్బుక్వా" అనేది, నమస్కారం అన్నట్టు. తిరిగి మ్బుక్వా అనకపోతే రోజంతా మూతి ముడుపే. ఉప్పుని "మున్యు" అనేది. నాకు వచ్చినవి ఆ కాసిని మాటలే.

ఆ లైన్‌లో వాళ్లంతా ఒక్కొక్కరే పోయారు. మ్బుక్వాకి మ్బుక్వా అనడానికి నేనొక్కదాన్నే మిగిలాను.

మొన్న సాయంత్రం హాస్పిటల్ నుంచి బాబీ వీడియో కాల్ చేశాడు. స్ట్రోక్ వచ్చాక తెలుగూ హిందీ రెండూ పోయాయి దానికి.

"పిన్నీ, ఏటేటో అంటంది. కుఛ్ సమఝ్ నహీ ఆతా."

"మలెంగా" అంటోంది.

"నీళ్లురా! నీళ్లు అడుగుతోంది!" అని అరిచాను. చెంచాతో పట్టాడు. తాగింది.

అప్పుడు నన్ను చూసింది. దాని మొహం వెలిగిపోయింది. తన మాట అర్థమయ్యే మనిషి దొరికిందనుకుంది పిచ్చిది.

గడగడా మాట్లాడింది. ఏదో అడిగింది. మళ్లీ మళ్లీ అదే అడిగింది, ఏడుస్తూ.

నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

మ్బుక్వా అన్నాను. ఏం చెయ్యాలో తోచక మున్యు అని కూడా అన్నాను. నా మొహంలోకి చూసి చూసి, గోడవైపు తిరిగిపోయింది.

ఏం అడిగావే? ఇప్పుడు నేనెవరిని అడగను?

వెళ్లేటప్పుడు మీ భాషలో ఏమంటారో నువ్వు చెప్పలేదు, నేను అడగలేదు.

నిన్ను పెంచిన ఆవిడ ఎదురొచ్చి నీ మాటకి జవాబు చెప్పాలి. ఇక ఏడవకు. హాయిగా ఉండు.

మ్బుక్వా, ఎస్తేరూ.