ఎర్ర ఊలు కట్టిన ఆరు క్యాబేజీలు

డిసెంబరు వచ్చిందంటే కొండవాలు మీది అలాట్‌మెంట్లలో, అంటే ఊరివాళ్లు అద్దెకు తీసుకుని కూరలు పండించుకునే మడుల్లో, మనుషుల కంటే క్యాబేజీలే ఎక్కువ కనిపిస్తాయి. బఠాణీ కర్రలు పీకేసి, ఉల్లిపాయలు ఇంటికి మోసేసి, వేసవి రైతులంతా హీటర్ల పక్కకు చేరిపోతారు. అప్పటికీ రోజూ పొద్దున్నే గేటు తాళం తీసేది ఇద్దరే. ఒకరు మావిస్ ఓల్డ్‌రాయిడ్, రెండోవాడు ఆమె పక్క మడి ఐవర్ సగ్డెన్.

మావిస్‌కి డెబ్బై నాలుగేళ్లు. ముప్పై ఏళ్లు బడి వంటశాలలో పనిచేసి, ఊళ్లో సగం మందికి క్యాబేజీ అంటేనే విరక్తి పుట్టించిన ఘనత ఆమెది. తొమ్మిదింటికి గిన్నెలో పడేసి పన్నెండింటికి దించమని పైవాళ్ల ఉత్తరువు, ఆమె ఏం చేస్తుంది. "ఆ పాపం కడుక్కోడానికే ఇక్కడ పెంచుతున్నా" అనేది. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగితే, "అడిగినవాడికి తవ్వడం రాదు" అని ఒక్క ముక్కలో తేల్చేసేది.

ఆమె క్యాబేజీ కొట్లో దొరికే రకం కాదు. తాతగారి మడి నుంచి అమ్మకు, అమ్మ నుంచి ఆమెకు, ఒక పాత కోకో డబ్బాలో విత్తనంగా వచ్చింది. వేసవిలో చూస్తే మామూలు ఆకుపచ్చ. మంచు పడేకొద్దీ ఆకుల అంచుల్లోకి ఊదారంగు దిగుతుంది. మూడు రాత్రులు నేల గడ్డకట్టాక కోస్తే పచ్చి ఆకే తియ్యగా ఉంటుంది. నారు నాటాక చుట్టూ మడమతో గట్టిగా తొక్కాలని, గుల్ల నేలలో క్యాబేజీ గుల్లగానే ఉంటుందని అమ్మ నేర్పింది. అమ్మ చెప్పిన ఇంకో మాట: "మంచివి తినేసి, పనికిమాలినవి విత్తనానికి వదిలేశామనుకో, నాలుగేళ్లకి పనికిమాలినవే మిగుల్తాయి." క్యాబేజీ పూసేది రెండో ఏడు, అదీ చలికాలం అంతా నేలలో నిలబడితేనే. అందుకని అమ్మ అన్నిటికంటే మంచివాటికి ఎర్ర ఊలుదారం కట్టి, వాటి జోలికి ఎవరినీ పోనిచ్చేది కాదు.

మూడేళ్లుగా మావిస్ ఈ పని వాయిదా వేస్తూ వచ్చింది. ఒక ఏడు వాన, ఒక ఏడు మోకాలు, ఒక ఏడు ఉత్త బద్ధకం. ఈ మేలో డబ్బా వంచితే ఒక్క చిటికెడు రాలింది. అందులో మొలిచినవి ఇరవై, పావురాలు వదిలినవి పదకొండు, ఎర్ర ఊలుకు నోచుకున్నవి ఆరు. మిగతా ఐదూ గడ్డ కట్టకుండానే కుళ్లిపోయాయి. ఆ ఆరూ పూయకపోతే ఆ రకం భూమ్మీద ఇక ఉండదు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఎనభై ఏళ్ల విత్తనాన్ని తన బద్ధకంతో అంచుకు తెచ్చానని చెప్పుకోవడానికి ఆమెకు సిగ్గేసింది.

పొద్దున్నే బకెట్టు బోర్లించుకుని, ఫ్లాస్కులో టీ తాగుతూ ఆ ఆరింటి ముందు కూర్చునేది. కింద లోయలో పొగమంచు నిండి ఊరు కనిపించేది కాదు, మిల్లు పొగగొట్టం ఒక్కటే పైకి తేలి ఉండేది. ఆకుల మీద మంచు పలుకులు మెల్లగా కరిగి గిన్నెల్లాంటి మడతల్లోకి జారేవి. చూస్తూ చూస్తూ ఆమెకు కన్ను మూతపడేది. అమ్మ వరసల మధ్య నడుస్తూ మడమతో నేల తొక్కుతున్న చప్పుడు వినిపించేది. కళ్లు తెరిస్తే అది ఐవర్ బూట్ల చప్పుడు.

"ఏం తల్లీ, ప్రార్థనా, నిద్రా?"

"నీ మొహం చూడకుండా ఉండేందుకు కళ్లు మూసుకున్నా. నీ బ్రకోలీ మొక్కలు గాలికి ఒరిగిపోతున్నాయి, ముందు వాటి మొదళ్ల చుట్టూ తొక్కు పో."

డిసెంబరు పన్నెండున నీళ్ల పీపా దగ్గర ఆమె కాలు జారింది. తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రిలో మత్తులోనే నాలుగు రోజులు గడిచాయి. ఆ మత్తులో గది నిండా మంచు పేరింది. దుప్పటి మీద ఊదా ఆకులు విచ్చుకున్నాయి, వాటి మధ్యన అమ్మ చేతిలో ఖాళీ డబ్బా పట్టుకుని తిరుగుతోంది.

క్రిస్మస్ పండగ ముందు రోజు ఐవర్ కోటు వేసుకుని, తల దువ్వుకుని, ఒళ్లో ఒక సంచీ పెట్టుకుని మంచం పక్కన కూర్చున్నాడు.

"ఏం బెంగపెట్టుకోకు. పండక్కని నువ్వు ఎర్ర ఊలు కట్టుకున్నవి ఉన్నాయిగా, వాటిని నేలపాలు కానివ్వలేదు. ఐదు చర్చి భోజనాలకి ఇచ్చేశా. అందరూ నీ పేరు చెప్పుకు తింటారు. ఇదిగో, ఆరోది నీకు."

అతని తప్పేం లేదు. ఆ మడుల్లో ఊలు కట్టారంటే పండగ భోజనానికని అర్థం, అందరూ అలాగే కడతారు. క్యాబేజీ చల్లగా, బరువుగా, ఎర్ర దారంతో సహా ఆమె ఒళ్లోకి వచ్చింది. మావిస్‌కి అతన్ని చంపెయ్యాలనిపించింది. అతని గోళ్లలో నల్లమట్టి, మంచుకి పగిలిన వేళ్లు చూసింది.

"బాగుంది ఐవర్" అంది. అతను వెళ్లాక కిటికీ వైపు తిరిగి చాలాసేపు ఏడ్చింది.

మార్చి ఆఖర్లో చేతికర్రతో మడికి వచ్చింది. మడి వదులుకుని తాళంచెవి మడుల కమిటీకి ఇచ్చేద్దామనే వచ్చింది. గేటు దాటగానే ఐవర్ తన మడిలోంచి చిన్న కత్తి పట్టుకుని ఎదురొచ్చాడు.

"సమయానికొచ్చావ్. నీ క్యాబేజీ మోళ్లకి పిలకలొచ్చాయి. లేతగా ఉన్నాయి, కోసిస్తాను, వెన్న వేసి వేపుకో."

"ఏ మోళ్లు?"

ఐవర్ క్యాబేజీలు కోసుకున్నాడే గానీ వేళ్లు పీకలేదు, ఆరు మోళ్లూ నేలలోనే ఉన్నాయి. ఒక్కోదాని నెత్తిన కత్తితో నిలువుగా అడ్డంగా రెండు గాట్లు, ఆ గాట్ల చుట్టూ నాలుగైదేసి పిలకలు, వాటి మధ్య పచ్చటి పూమొగ్గలు.

"ఆ గాట్లు ఎవడు పెట్టమన్నాడు నిన్ను?"

"ఎవరైనా చెప్పాలా? గాటు పెడితేనే కదా మోడు మళ్లీ పిలకలేసేది. గాటు పెట్టకుండా మోడు వదిలితే మా నాన్న వీపు చీరేసేవాడు. చెయ్యి దానంతటదే పెడుతుంది" అంటూ అతను వంగబోయాడు.

మావిస్ చేతికర్ర అడ్డం పెట్టింది. "కత్తి ఇలా ఇవ్వు. ఇవి పూయాలి."

అప్పుడు, ఆ బకెట్టు మీద కూర్చుని, డబ్బా సంగతంతా చెప్పింది. వింటున్నకొద్దీ ఐవర్ మొహం పాలిపోయింది.

"మరి అప్పుడే చెప్పొచ్చుగా? ఆసుపత్రిలో బాగుందన్నావ్."

"అప్పుడు చెప్తే నువ్వు పండగ భోజనం తినేవాడివా?"

అతను వెనక్కి తిరిగి, మొగ్గ తొడుగుతున్న తన ఊదా బ్రకోలీ వైపు చూశాడు. అదీ క్యాబేజీ జాతిదే, దాని పుప్పొడి వీటి మీద పడితే విత్తనం సంకరం అయిపోతుందని అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. పదకొండు నెలలు కాపాడిన బ్రకోలీని వేళ్లతో సహా పీకి ఎరువు కుప్పలో వేశాడు.

ఆగస్టులో కాయలు ఎండాయి. మావిస్ కోకో డబ్బా అంచుదాకా నిండింది. మిగిలిన గింజల్ని ఇంకో డబ్బాలో పోసి, మూతకు ఎర్ర ఊలు చుట్టి ఐవర్ చేతిలో పెట్టింది.

"దీన్ని మాత్రం పండక్కి వండకు" అంది.