వట్టివేరు దుబ్బు వెనక నా చదువు

మీసం మొలుస్తున్న ఆ కాలంలో నాకు తెలియనిదంటూ ఏదీ ఉండేది కాదు. తొమ్మిదో తరగతితోనే బడికి దండం పెట్టేశాను మరి, ‘తెలియదు’ అనడం ఎలాగో ఎవరూ నేర్పలేదు. (పదిలో నేర్పుతారేమో.) మోపిదేవి దగ్గర మా మావయ్య రొయ్యల చెరువులో మేత చల్లుతుండేవాణ్ణి. మావయ్య చర్చిలో సంఘపెద్ద. “మా మేనల్లుడు ఒక్కరోజు బడి మానలేదు, ఆ హెడ్మాస్టరే పగబట్టి ఫెయిల్ చేశాడు” అని ఊరంతా చెప్పి, ఆ హెడ్మాస్టరుతో నాలుగేళ్లుగా మాటలు మానేసిన మనిషి.

ఒక ఉదయం బందరు కాలేజీ నుంచి గడ్డి మేడమ్ దిగారు. (గడ్డి మీద పరిశోధన చేస్తున్నారని మేం పెట్టుకున్న పేరు.) ఎవరూ నాటకుండా దానంతటదే పెరిగిన వట్టివేరు కావాలట. చూపించినవాణ్ణి సీజనంతా దివిసీమ తిరగడానికి సాయంగా పెట్టుకుంటారట. రొయ్యల మేత కంపు వదిలించుకోవడానికి నాకు కనబడ్డ దారి అదొక్కటే.

“అదెంత పనండీ, రండి” అని తిన్నగా మా చెరువు గట్టుకే తీసుకెళ్లి, నడుమెత్తు దుబ్బులు చూపించి, “దేవుడు నాటిందేనండీ” అన్నాను. ఆవిడ కళ్లజోడు సర్దుకుని గట్టు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూశారు.

“దేవుడు తాడు పట్టుకుని జానెడేసి దూరంలో నాటాడా బాబూ?”

“దేవుడు కాదమ్మా, గట్టు కోసుకుపోకుండా నేను నాటించాను. నీళ్లు పోసింది వీడే” అన్నాడు వెనక నుంచి మావయ్య.

మేడమ్ సంచి భుజాన వేసుకున్నారు. “నాకు కావలసింది తడినేలలో, ఎవరూ తిరగని చోట, మనిషెత్తు పెరిగి ఊదారంగు కంకి వేసేది. తెలియకపోతే తెలియదని చెప్పు, పర్లేదు.”

మనిషెత్తు, ఊదారంగు కంకి! దాని నీడలోనే రెండేళ్లు బతికినవాణ్ణి. చెబితే పని వస్తుంది, మావయ్య దగ్గర బండారం బయటపడుతుంది. ఆవిడ బస్సు వైపు నాలుగడుగులు వేసేసరికి నోరు ఆగలేదు. “మురుగుకాలువ అవతల ఉందండీ!”

“నేనూ వస్తా పద” అన్నాడు మావయ్య.

కాలువ దాటి దుబ్బు దగ్గరికి చేరగానే మేడమ్ ఆకు అంచు నిమిరి, వేరు వాసన చూసి, చిన్నపిల్లలా చప్పట్లు కొట్టారు. “ఇంత మారుమూల చోటు నీకెలా తెలుసయ్యా?”

“గేదెల్ని తోలుకొచ్చేవాణ్ణండీ.”

(మాకు గేదెల్లేవు.) ఆ సంగతి మావయ్య గుర్తుచేసేలోపే ఆవిడ గునపానికి ఏదో ఠంగుమని తగిలింది. వేళ్ల మధ్య నుంచి స్టీలు టిఫిను బాక్సు వచ్చింది. మట్టి తుడిస్తే మూత మీద మా అమ్మ పేరు చెక్కి ఉంది. (అది కాజేసిందని అనుమానించి అమ్మ మా అత్తతో రెండు క్రిస్మస్‌లు పలకలేదు.) పక్కనే నా గోళీలు ఏడు.

మావయ్య గోళీలు ఒక్కొక్కటే ఏరి బాక్సులో వేశాడు. “ఒరేయ్, ఆ హెడ్మాస్టరుకి ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని కనిపించన్రా?”

మేడమ్ నవ్వాపుకుంటూ కాగితం తీశారు. “మొక్క పెరిగే చోటు ఎక్కడని రాయమంటారండీ?”

“బడికెళ్లే దారిలో అని రాయండమ్మా. బడి దాకా అక్కర్లేదు” అన్నాడు మావయ్య.

పని మాత్రం ఇచ్చారు. ఆ ఆదివారమే మావయ్య నా చెవి పట్టుకుని హెడ్మాస్టరు గారింటికి లాక్కెళ్లాడు. ఆయన ఇద్దరికీ టీ ఇప్పించి, “లెక్క రాకపోతే రాదని చెప్పొచ్చుగా, దానికి దుబ్బులో దాక్కోవాలా?” అన్నారు.

మొన్న బందరు వెళ్లినప్పుడు ఆ కాలేజీ బీరువాలో నా దుబ్బును చూశాను. ఎండి, అట్టకు అతుక్కుని, కింద ‘చూపినవారు’ అని నా పేరుతో బుద్ధిగా ఉంది. పైన ఇంగ్లీషు అక్షరాల్లో పొడుగాటి శాస్త్రీయ నామం. “అదేంటో మీకు తెలుసా?” అన్నాడు అటెండరు.

“తెలియదండీ” అన్నాను. ఎంత తేలికగా వచ్చిందో ఆ మాట!