బాలమణి గొంతు

ఇవాళ బియ్యం కడుగుతుంటే ఆ పచ్చి వాసనకు అమ్మ గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు మా ఊరు పాన్‌గల్‌లో ఆమె రోజూ వంటకు ముందు చర్చి కోసం పిడికెడు బియ్యం తీసిపెట్టేది.

"మనకే చాలుతలేవు. దేవుడు గంత తింటడా?" అని విసుక్కునేదాన్ని.

ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక, అందరి ఇళ్ల బియ్యం మూటగట్టి అమ్మ నా నెత్తిన పెట్టింది. నల్లా దగ్గర మాతో కొట్లాడే పక్కింటి బాలమణికి ఇవ్వాలట!

"నిన్ను తిడ్తది గదమ్మా!"

"ఇప్పుడేడ తిడ్తుందే? మొగడు దవాఖానల పడ్డడు, పొయ్యి ముట్టిస్తలేదు. తిట్టనీకి బలం ఉండాలె గద! నడువ్."

రెండు రోజులకు నల్లా దగ్గర బాలమణి గొంతు మళ్లీ లేచింది. నాకు ఒళ్లు మండింది. అమ్మ మాత్రం బిందె చంకనెత్తుకుని హుషారుగా కొట్లాటకు వెళ్లింది. అది బాలమణి కోసం తను చేసిన ప్రార్థన ఫలించిన సంతోషమని అమ్మ పోయాకే నాకు తెలిసింది.