పసుపంటిన వాన కార్డు

"ఈసారి కూడా చైనాకే ఇచ్చుంటే ఈపాటికి పిల్లలు ఆడుకుంటా ఉండేవాళ్ళక్కా" అన్నాడు మా తమ్ముడు. శనివారం మధ్యాహ్నం, గుంటూరులో ప్రెస్సు ముందు బల్ల మీద కూర్చున్నాం. ఆ నెలలో వాడు ఆ మాట ఎన్నిసార్లన్నాడో! "నోరుముయ్యరా" అన్నాను.

నేను చిలకలూరిపేటలో టీచర్ని. మిర్చి రైతు మీద ఒక బోర్డు ఆట తయారుచేశాను. ఎర్రరంగు వేసిన చెక్క మిరపకాయల్ని ముందు కళ్ళంలో ఆరబెట్టుకోవాలి, తర్వాత అమ్మకానికి యార్డుకు తోలుకోవాలి. వంతు వచ్చినప్పుడల్లా ఒక కార్డు తీయాలి. పెట్టె మొత్తానికి వాన కార్డు ఒక్కటే. అది ఎవరికొస్తే వాళ్ళ కళ్ళంలో సరుకంతా పోతుంది. ఆ కార్డు భయమే ఆటంతా.

వేసవి సెలవుల్లో పిల్లలకు శిబిరం నడిపే ఒంగోలు పాస్టరమ్మగారు పెట్టెలన్నీ తమకే కావాలన్నారు. పోయిన వేసవికే ఇస్తానని ఇవ్వలేకపోయాను. ఈసారి ఆవిడ ఖరాఖండిగా చెప్పేశారు. "సోమవారం ప్రార్థన అయ్యేసరికి రాకపోతే క్యారమ్ బోర్డులు తెప్పించుకుంటామమ్మా, ఏమీ అనుకోకు." నన్ను అడిగిన వాళ్ళు ఇంకెవరూ లేరు. ఇది పోతే నా ఆట అటకెక్కినట్టే.

పోయిన వేసవి చెడగొట్టింది చైనా బేరమే. మా తమ్ముడు పనిచేసే జిన్నింగు మిల్లుకి విడిభాగాలు అక్కడినుంచే వస్తాయి, అందుకని ఫ్యాక్టరీని వాడే వెతికాడు. నమూనా వచ్చింది. అట్ట అద్దంలా ఉంది, కార్డులు చేతిలోంచి జారిపోతున్నాయి. మిరపకాయలు చూద్దును కదా, పొట్టిగా, బొద్దుగా, కాప్సికమ్ ముక్కల్లా ఉన్నాయి! సరిచేయమంటే సరేనన్నారు. తర్వాత ఓడ అన్నారు, పోర్టు అన్నారు, ఏదో సర్టిఫికెట్టు అన్నారు. ఈలోపు బళ్ళు తెరిచేశారు. "మిరపకాయ మొహమే చూడనివాళ్ళతో మనకెందుకురా? మన ఊరి ఆట, మన దగ్గరే చేయిద్దాం" అని పట్టుబట్టి గుంటూరులో ఇచ్చాను.

ఇక్కడేమో మూఢం ఉన్నన్నాళ్ళూ మందమైన అట్ట దొరకలేదు. అట్ట దొరికేసరికి మూఢం వెళ్ళిపోయి ముహూర్తాలు మొదలయ్యాయి. ప్రెస్సు నిండా పెళ్ళిపత్రికలే. నేను వెళ్ళి అరిస్తే ప్రెస్సాయన కుర్చీ చూపించి మజ్జిగ ఇప్పించాడు. "పత్రిక ఆగితే పెళ్ళాగిపోద్దండీ మేడంగారూ. మీ ఆట నాలుగు రోజులాగితే ఏమవుద్ది?" ఆ మజ్జిగే తాగి వచ్చాను.

అలా జరిగి జరిగి ఆ శనివారానికి వచ్చింది. ఎట్టకేలకు పెట్టెలు బయటికి తెచ్చి పేర్చారు. ప్రెస్సాయన మొహం వెలిగిపోతోంది. "చూసుకోండి! మా ఆవిడ పొద్దున్నుంచీ కూర్చుని తన చేత్తో చేసిందండీ. మీ మొదటి పని కదా, శుభం జరగాలని."

పెట్టె తెరిచాను. కార్డుల కట్ట మీద నాలుగు మూలలా పసుపు, పెళ్ళిపత్రికకు పెట్టినట్టు! ఇంకోటి తెరిచాను, అంతే. మేం చర్చికి వెళ్ళేవాళ్ళం, మా ఇంట్లో పత్రికలకు పసుపు పెట్టరు. పెట్టొద్దని చెప్పాలన్న ఊహే నాకు రాలేదు. కట్టలన్నీ ఒకే వరసలో కట్టారు కాబట్టి ప్రతి కట్టలోనూ పైనున్నది ఒకే కార్డు. తిప్పి చూస్తే వాన. వీపు మీద పసుపుతో ఆ కార్డు ఎక్కడున్నా తెలిసిపోతుంది. ముందే తెలిసిపోయే వానకి ఎవడు భయపడతాడు?

తుడిచాను. పోతుందా? మళ్ళీ అచ్చు వేయమంటే పెళ్ళిళ్ళయ్యాకే అన్నాడాయన. లోపలినుంచి వాళ్ళావిడ పసుపు చేతులతోనే వచ్చి, "బాగున్నాయా అమ్మా?" అంది. "బాగున్నాయండీ" అన్నాను. ఇంకేమనను, నా తలకాయ!

"వాన తీసేద్దామక్కా" అన్నాడు తమ్ముడు. "వాన లేకపోతే అందరూ గెలుస్తారు, పిల్లలకి సంతోషమేగా." చంపేద్దామన్నంత కోపం వచ్చింది. కానీ సోమవారం ఆగదు. అక్కడే కూర్చుని ప్రతి పెట్టెలోంచీ వాన కార్డు తీసి నా హ్యాండ్‌బ్యాగులో పడేశాను.

సోమవారం ప్రార్థన జరుగుతుండగానే పెట్టెలు హాల్లో దించాం. పాస్టరమ్మగారు నవ్వారు. పిల్లలు గుంపులుగా కూర్చుని మొదలుపెట్టారు. కాసేపటికే అందరూ గెలిచేశారు. కోతలప్పుడు వాళ్ళమ్మ వెంట కాయల కోతకు వెళ్ళే పిల్ల ఒకతి నన్ను పిలిచింది.

"వాన ఎప్పుడొస్తది మేడం?"

"ఇందులో రాదమ్మా."

"అయితే ఇది మన ఊరిది కాదులేవే" అంది పక్క పిల్లతో.

చెంప మీద కొట్టినట్టయింది. చైనా వాళ్ళని నేనన్న మాట నాకే తగిలింది. హ్యాండ్‌బ్యాగులోంచి ఒక వాన కార్డు లాగాను. నా టిఫిను గిన్నె తెచ్చుకున్న గుడ్డసంచి ఖాళీ చేసి, అందులో వానతో సహా కార్డులన్నీ పోసి కలిపాను. "చూడకుండా చెయ్యి పెట్టి తియ్యండి" అన్నాను.

ఇక చూడండి, చెయ్యి సంచిలో పెట్టడానికే భయపడుతున్నారు. ఆ పిల్ల కళ్ళం నిండా కాయలు పేర్చుకుంది. రేపు తోలుదామంది. తర్వాతి వంతుకి వాన ఆ పిల్లకే వచ్చింది.

"పోయినయ్! తియ్, తియ్!" అని అరిచారందరూ.

ఆ పిల్ల తీయలేదు. కార్డు పడేసి రెండు చేతులూ చాపి కాయల మీద కప్పేసింది, ఒక్కటీ కనపడకుండా.

"పట్టా ఏసేశా" అంది.

నేను రాసిన ఆటలో వానకి కాయల మీద కప్పే పట్టా లేదు. పిల్లలు నా వంక చూశారు, నియమం చెప్పమని. చేతులు తియ్యమనడానికి నాకు నోరు రాలేదు.