మామ మెడలో కాగితం దండ

నాచారంలో గోడలకు పోస్టర్లు అంటించేవాడి బకెట్లోంచి ఉడికిన మైదా వాసన వస్తే నాకు మా మేనమామ పుట్టినరోజు గుర్తొస్తుంది. తన కొడుక్కి చిన్నదైపోయిన సైకిల్ నాకిస్తానని అప్పటికి ఏడాదిగా ఊరిస్తున్న మహాదాత ఆయన. ఆ సైకిల్ మీద ఆశతో, మూడో తరగతిలో, మైదా ఉడికించి, ఆ జిగురుతో ఒక గ్రీటింగ్ కార్డు చేశాను. తెరిస్తే మామ ఫోటో లేచి నిలబడుతుంది. కింది అట్టముక్క గుంజితే రంగుకాగితాల దండ జారి ఫోటో మీద పడుతుంది. సభల్లో పెద్దమనుషులకు వేసే దండే నా మనసులో ఉంది.

ఉప్పల్‌లో వాళ్ళింట్లో అందరి ముందూ మామ గుంజాడు. దండ పడింది. ఎవరూ నవ్వలేదు.

"బతికున్న మనిషి ఫోటోకు దండేందిరా?" అంది అత్త.

మామ తన మెడ తడుముకున్నాడు. నచ్చలేదేమోనని, "ఇంకోసారి గుంజు మామా, బొట్టు గూడ వస్తది" అన్నాను.

"సైకిల్ లేదు, గీకిల్ లేదు, పో" అని కార్డు చింపేశాడు, కాగితం దండకే ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకున్న ఆ వీరుడు.

చాలాకాలం తప్పు నాదే అనుకున్నాను. సైకిల్ వాళ్ళ మిద్దె మీదే తుప్పుపట్టిపోయాక అర్థమైంది. ఆయనకు కావలసింది ఒక వంక. దాన్ని రంగుకాగితాలతో ముస్తాబు చేసి నేనే చేతికిచ్చాను.