బెల్టుల సేటు దుకాణంలో నా సుతిలి

బెల్టుల సేటు పోయాడన్న వార్త నాకు మైదానం మధ్యలో తెలిసింది. అఫ్జల్‌గంజ్‌లో ఆయన దుకాణానికి ఎదురుగా చాయ్ అమ్మే మనిషి ఫోన్ చేసి, "అన్నా, సేటు పోయిండు. పొద్దుగాల లేపవోతే లేవలే" అన్నాడు. నడుస్తున్న గడ్డి మిషన్ ఆపేశాను. అందులో తిరుగుతున్న బెల్టు ఆయన చేతి మీదుగా వచ్చిందే. మళ్లీ స్టార్టు చేయడానికి చాలాసేపు మనసు రాలేదు.

నేను ఫలక్‌నుమా దగ్గర ఒక బడిలో తోటమాలిగా పనిచేస్తున్నాను. కొన్నేళ్ల కిందట ఇంకా టెంపరరీగా ఉన్నప్పుడు, ఆటల పోటీలకు ముందురోజు, సగం మైదానం కూడా కోయకముందే మిషన్ బెల్టు తెగింది. వానలకు గడ్డి మోకాలెత్తు పెరిగి ఉంది. పెద్ద మేడం వరండాలోంచి చూసింది. గొంతు పెంచే మనిషి కాదు.

"రేపు తొమ్మిదింటికి పిల్లలు ఉరకాలె. నీతోని కాదంటే ఇప్పుడే చెప్పు, ఇగ కాంట్రాక్టు వాళ్లకే ఇస్తం" అంది.

ఆ జీతం మీద ఇంట్లో నలుగురం బతుకుతున్నాం. కంపెనీ షోరూమ్‌కు ఫోన్ చేస్తే బెల్టు రావడానికి వారం పడుతుందన్నారు. ధర విన్నాక ఆ వారం సంగతే మరిచిపోయాను. తెగిన బెల్టు మెడలో వేసుకుని బండెక్కాను.

సేటు దుకాణం రెండు చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత. పైకప్పు నిండా మేకులు, మేకులకు నల్లటి బెల్టులు. ఎవరొచ్చినా ఆయన ముందు అడిగే ప్రశ్న ఒకటే: "మిషన్ పేరు కాదు, పనేందో చెప్పు."

"గడ్డి కోస్తది సేటూ. గిసొంటిదే కావాలె, జల్ది ఇయ్యి" అన్నాను.

ఆయన నా బెల్టును వంచి చూసి తిరిగి నా చేతిలోనే పెట్టాడు. "దీన్ని చూసి ఇయ్య బిడ్డా. ఇది సాగింది. పుల్లీల నాప్ తీస్కరా." కొలతకని సొరుగులోంచి ఇంత సుతిలి, పురికొస ముక్క, తీసి నా చొక్కా జేబులో పెట్టాడు. "రెండు పుల్లీల చుట్టూ తిప్పు. కొసలు కలిసిన కాడ ముడెయ్యి."

"పోయి రావాలంటే రెండు గంటలు. అందాజకు ఇయ్యరాదు?"

"పొడుగైతె జారుతది, నీ టైం పోతది. పొట్టిదైతె లివర్ ఇడిసినా బ్లేడు ఆగదు. అప్పుడు నీ కాలు ఎవరియ్యాలె?"

నా వెనక నిలబడ్డ పిండి గిర్నీ ఆయన కిసుక్కున నవ్వాడు. నాకు ముక్కు మీదే కోపం, అది ఊరందరికీ తెలుసు. "బెల్టు అమ్మబుద్ధి కాకుంటే దుకాణం బంద్ చేసుకో" అని సేటు మొహం మీదే అనేసి దిగిపోయాను. నాలుగు దుకాణాల అవతల ఇంకొకాయన పాత బెల్టు పక్కన కొత్తది పెట్టి, సమానంగా ఉన్నది చూసి రెండు నిమిషాల్లో ఇచ్చాడు. గెలిచాననే అనుకున్నాను.

బడికొచ్చి బిగించి స్టార్టు చేస్తే ఇంజను అరుస్తోంది, బ్లేడు తిరగడం లేదు. రబ్బరు కాలుతున్న వాసన. ఇంకా బిగించాను, ఇంకా జారింది. మూడోసారి పొగ వచ్చింది. వరండాలో పెద్ద మేడం గడియారం చూసుకుంటోంది. మూడు దాటింది. చెమట తుడుచుకుందామని రుమాలు కోసం జేబులో చెయ్యి పెడితే సుతిలి తగిలింది.

మోకాళ్ల మీద కూర్చుని పుల్లీల చుట్టూ దాన్ని తిప్పాను. తొందరలో ముడిలో ఒక గడ్డిపోచ కూడా ఇరుక్కుంది, తీయడానికి ఆగలేదు. కాలిన బెల్టు పక్కన పెట్టి చూస్తే సుతిలి రెండు వేళ్లు పొట్టిగా ఉంది.

మంగళవారాలు సేటు గుడికి పోతాడని, నాలుగున్నరకే దుకాణం మూస్తాడని పొద్దున అక్కడే విన్నాను. ఆ రోజు మంగళవారం. అఫ్జల్‌గంజ్ దాకా ఎర్ర లైటు పడని సిగ్నల్ లేదు. నేను చేరేసరికి ఐదవుతోంది. షట్టర్ సగం దించి ఉంది. వంగి చూస్తే లోపల ఆయన చెప్పులు తొడుక్కుని కూర్చున్నాడు. ఒళ్లో మూడు బెల్టులున్నాయి.

"గుడికి పోలే సేటూ?"

"దేవుడు ఏడికి పోతడు? నువ్వొస్తవని కూసున్న."

సుతిలి మధ్య బెల్టుకు సరిపోయింది. "గిర్నీలకు వేసేదే ఇది. మీద కంపెనీ పేరుండది, గంతే" అన్నాడు. కంపెనీ చెప్పిన దాంట్లో పదోవంతు కూడా కాలేదు. మూడింటిలో ఒకటని తెలిసీ పొద్దున ఎందుకివ్వలేదని అడిగాను. "ఆ ఒక్కటి ఏదో నాకెర్కనా?" అన్నాడు. కాలిన రబ్బరుతో నల్లబడ్డ నా చేతుల వంక ఒకసారి చూశాడు. పక్క దుకాణం మాట ఎత్తకుండా డబ్బులు తీసిచ్చాను. సుతిలికి కాగితం ముక్క కట్టి, ఏదో రాసి, వెనక గోడ మేకుకు తగిలించాడు. నాప్ తెచ్చిన ప్రతివాళ్ల సుతిలీ ఆయన అలాగే దాచేవాడు.

వరండా లైట్లు వేయించుకుని రాత్రికి గడ్డి కోయడం ముగించాను. పొద్దున పిల్లలు పరుగెత్తారు. నా ఉద్యోగం నిలబడింది.

తర్వాత ఎప్పుడు వెళ్లినా "కాలు మంచిగున్నదా?" అనేవాడు. ఆ రోజు నేనన్న మాటకూ, పక్క దుకాణంలో కొన్నదానికీ తప్పైందని చెబుదామని వెళ్లిన ప్రతిసారీ అనుకున్నాను. బెల్టు తీసుకుని వచ్చేసేవాణ్ణి. ఇప్పుడు అదే గుండెల్లో కలుక్కుమంటోంది.

దినకర్మ అయ్యాక దుకాణం తెరిచారు. వెళ్లి పలకరిస్తే ఆయన కొడుకు వెనక గోడ వైపు చూపించి, "బాపు సుతిళ్లు పారేయ బుద్ధి అయితలేదు. నీదేదో చూస్కో అన్నా" అన్నాడు. వెతికి తీశాను. కాగితం మీద సేటు రాత: "గడ్డి మిషన్, ఫలక్‌నుమా బడి. పక్క దుకాణంది కాలినంక మళ్లొచ్చిండు. మంచోడే, తొందరకు ఆగమైతడు."

ముడిలో ఆనాటి గడ్డిపోచ ఎండిపోయి, ఇంకా అలాగే ఉంది. ఊడిపోకుండా వేలితో పట్టుకుని, సుతిలిని మళ్లీ దాని మేకుకే తగిలించాను.