ఇంజనుకు పథ్యమెరిగిన మా సుభద్ర వదిన

మొన్న మంగళవారం గంపలగూడెం పాఠశాలలో బోర్డు వైపు తిరిగి పద్యం రాస్తున్నాను. గుమ్మంలో అలికిడైతే తిరిగి చూశాను. తిరువూరు నుంచి మా పాలేరు వచ్చి, తలగుడ్డ విప్పి చేత పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"బెజవాడ ఆస్పత్రిలో సుభద్రమ్మగారు పోయారమ్మా" అన్నాడు.

మా అన్నయ్య రామ్మోహనరావు సహధర్మచారిణి, నాకు అక్కచెల్లెళ్లు లేని లోటు తీర్చిన మా వదిన సుభద్ర దివంగతురాలైందన్న ఆ మాట చెవిన పడింది గాని మనసుకు ఎక్కలేదు. కామెర్లతో మంచం పట్టిన మాట నిజమే. తగ్గుముఖం పట్టిందనే అందరం నమ్మాం. ఆదివారం నేను వెళ్లినప్పుడు, "చారన్నం తినాలనుంది జానకీ, వీళ్లు పెట్టనివ్వడం లేదు" అని నవ్వింది కూడా. నలభై నిండకుండానే ఆ నవ్వు ఆరిపోతుందని ఎవరనుకున్నారు?

వదిన విస్సన్నపేట ఆడపడుచు. తండ్రిగారికి రైసుమిల్లు ఉండేది. ఊయల వయసు నుంచి ఆయిల్ ఇంజను చప్పుడు వింటూ పెరిగిన మనిషి. కాపురానికి వచ్చిన కొత్తలో, ఇంకా కాళ్ల పసుపు ఆరని రోజుల్లో, తోటలో మోటబావి దగ్గర ఇంజను చప్పుడు విని మా నాన్నగారిని అడిగింది: "మావయ్యగారూ, ఆ ఇంజనుకు నూనె మార్చి ఎన్నాళ్లయిందండీ?" కొత్త కోడలు మామగారిని అడగవలసిన మొదటి మాట అదా అని అమ్మ బుగ్గలు నొక్కుకుంది. నాన్నగారు మాత్రం పడీపడీ నవ్వి, మర్నాడే నూనె మార్పించారు.

అన్నయ్యకు వేగమంటే ప్రాణం. మామిడితోటలున్నా, ట్రాక్టరున్నా, ఆయన మనసంతా మద్రాసులో కొని తెచ్చుకున్న ఎర్రటి సీమకారు మీదే. ఇంగ్లండులో తయారైంది, రెండే సీట్లు. మద్రాసు దగ్గర, విమానాలు దిగడం మానేసిన పాత రన్‌వే మీద జరిగే పందేలకు దాన్ని తీసుకువెళ్లేవాడు. మొదటి ఏడు, కారుతో వచ్చిన పుస్తకంలో చెప్పినట్టే పల్చని ముప్ఫై నంబరు నూనె పోశాడు. పందెం సగంలో ఉండగా, ఆ ఎండకూ ఆ వేగానికీ నూనె నీళ్లలా పల్చబడింది. ఒత్తిడి చూపే ముల్లు కిందికి జారింది. బేరింగులు కాలి ఇంజను పట్టేసింది. కారు లారీ మీద ఇల్లు చేరింది.

"మనిషివి మిగిలావు, అంతే చాలు. దీన్ని వదిలించుకోరా నాయనా" అని అమ్మ ఏడ్చింది. అన్నయ్య ముఖం చిన్నబుచ్చుకున్నాడు. వదినే అమ్మ పక్కన కూర్చుని, "ఇంకొక్క పందెం, అత్తయ్యా. అప్పుడూ ఇంజను పాడైతే నేనే దగ్గరుండి అమ్మించేస్తాను" అని మాటిచ్చింది.

ఇంజను బాగుచేయించాక అన్నయ్య రెండో కొసకు పోయాడు. ఈసారి బాగా చిక్కనిది, యాభై నంబరు పోసి, పొద్దున్నే స్టార్ట్ చేసి మురిసిపోతున్నాడు.

"చూశావా సుభద్రా, ముల్లు ఎంత పైకెక్కిందో! చిక్కదనంలోనే ఉంది బలం."

"ముల్లు ఎక్కితే చాలదండీ, నూనె చేరాల్సిన చోటికి చేరాలి. పైన ఆ టకటక వినండి. ఇంకా అక్కడికి ఎక్కలేదది."

"పుస్తకం మాట వింటే ఏమైందో చూశాంగా!"

"ఆ పుస్తకం సీమ చలికి రాసింది. మనది తిరువూరు ఎండ. అట్లాగని గంజి పోస్తామా ఏంటి?"

శాస్త్రజ్ఞులు దీన్ని స్నిగ్ధత అంటారు. వదిన చిక్కదనమనే అనేది. "మనిషికి పథ్యం ఉన్నట్టే ఇంజనుకూ ఉంటుంది. ఊరి ఎండ చూడాలి, బండి వయసు చూడాలి, దాన్ని ఎంత ఉరికిస్తామో చూడాలి. ఒకరికి పడింది ఇంకొకరికి పడదు" అనేది ఆమె తరచూ చెప్పిన మాట.

ఆ మాట అన్నయ్యకు ఎక్కించడానికి వంటింట్లోనే ప్రయోగం పెట్టింది. రకరకాల నూనెలు గిన్నెల్లో పోసి, ముందు చల్లగానూ, తర్వాత మరిగే నీళ్లలో పెట్టి వేడిగానూ, గరిటెతో ఎత్తి ధార చూపించింది. ముప్ఫై నంబరు వేడికి నీళ్లధార అయింది. యాభై నంబరు చల్లగా ఉన్నప్పుడు గరిటెను వదలనంది. బెజవాడ నుంచి తెప్పించిన ఇరవై-యాభై మల్టీగ్రేడు మాత్రం చల్లగా ఉన్నప్పుడు సులువుగా జారింది, వేడెక్కినా మరీ పల్చబడలేదు. అన్నయ్య గరిటె అందుకుని మళ్లీ మళ్లీ పోసి చూసుకున్నాడు. నూనె కంపుకు అమ్మ ఆ పూట వంటింటి గడప తొక్కలేదు. "ఇది నా కోడలా, మిల్లు మేస్త్రీనా?" అని వసారాలో కూర్చుని గొణుక్కుంది.

మరుసటి ఏటి పందేనికి కారులో ఆ ఇరవై-యాభై నూనే పోసుకుని బయల్దేరారు, నేనూ వెంట వెళ్లాను. తీరా పందెం రోజున, తోటి పందెగాడు ఒకాయన అన్నయ్యను పక్కకు పిలిచి, ఈ ఎండలో ఒట్టి యాభై నంబరు తప్ప ఇంకేది పోసినా కిందటేటి కథే అవుతుందని భయపెట్టాడు. అన్నయ్య యాభై నంబరు డబ్బా చేత పట్టుకుని వచ్చాడు. ముఖంలో నెత్తురు లేదు.

"సుభద్రా, మార్చేద్దామంటావా?"

వదిన గొంతు పెంచలేదు. "నడిపేది మీరు. మీ మనసు ఒప్పకపోతే మార్చండి. కానీ నన్నడిగితే, వద్దంటాను. నూనె వేడెక్కేదాకా తొందరపెట్టకండి. తర్వాత మీ ఇష్టం వచ్చినట్టు ఉరికించండి."

అన్నయ్య ఆమె ముఖంలోకి చూసి, డబ్బా కింద పెట్టాడు.

పందెం సాగినంతసేపూ వదిన నా చెయ్యి వదల్లేదు. కళ్లు మూసుకుని చప్పుడే వింది. ఎర్రకారు ఎదుట నుంచి దూసుకుపోయిన ప్రతిసారీ ఆమె వేళ్లు నా మణికట్టును బిగించేవి. అన్నయ్య రెండోవాడిగా వచ్చాడు. దిగుతూనే, "ముల్లు కదల్లేదు సుభద్రా!" అని చిన్నపిల్లాడిలా అరిచాడు. వదిన నూనె కొలిచే పుల్ల బయటికి తీసి, చివర అంటిన నూనెను వేళ్ల మధ్య రుద్ది, వాసన చూసి, "కాలలేదు" అంది. అప్పుడు ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇల్లు చేరాక అమ్మ కారు అమ్మే మాటెత్తలేదు. కారుకు దిష్టి తీసి, వదినకూ తీసింది.

ఆ తర్వాత ఆమె తానే కారు నడపడం నేర్చుకుంది. ఓ శనివారం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నెమలి గ్రామంలో వేణుగోపాలస్వామి దర్శనానికి తీసుకువెళ్లింది. పత్తిచేలల్లో కూలీలు నడుం ఎత్తి మరీ చూశారు. ఆమె కొంగు నడుముకు బిగించి, పెదవుల మధ్య నవ్వు దాచుకుని నడిపింది. తిరిగి వచ్చేటప్పుడు, "ఆ రన్‌వే మీద నేనొక్కసారి నడపాలి జానకీ. పందెం అక్కర్లా. ఊరికే, ఒక్కసారి" అంది. అన్నయ్య వచ్చే ఏడన్నాడు. అంతలో పెట్రోలు ధరలు మండిపోయాయి. పందేలకు వెళ్లడం నిలిచిపోయింది. నాన్నగారు పోయి తోటల భారమంతా అన్నయ్య మీద పడింది. వచ్చే ఏడు రానేలేదు. ఆమె మళ్లీ అడగనూ లేదు. అడిగి ఉంటే బాగుండేదని ఇప్పుడు నా ప్రాణం కొట్టుకుంటోంది.

నిన్న పొద్దున వసారాలో పరామర్శకు వచ్చినవాళ్ల మధ్య కూర్చుని ఉన్నాం. ఇంజను నూనెల గురించి వదిన సలహా అడగడం అలవాటైన గంపలగూడెం వైపు రైతు ఒకాయన సైకిలు దిగి, విషయం తెలియక, గేటు దగ్గర నుంచే కేకేశాడు.

"అమ్మగారున్నారా అండీ? ట్రాక్టరుకి ఇంజను పని చేయించాం. ఏ నూనె పోయమంటారో కనుక్కుందామని."

ఎవరూ పలకలేదు. అన్నయ్యే లేచి గేటు దాకా వెళ్లాడు. "రా, కూర్చో" అన్నాడు. ఆ రైతు మా ముఖాలు చూసి, సైకిలు స్టాండు వేయడం కూడా మరచి, అది పడిపోయినా పట్టించుకోకుండా, "ఎప్పుడయ్యా?" అన్నాడు. అన్నయ్య అతని భుజం మీద తల వాల్చేశాడు. ఆస్పత్రిలోనూ, శ్మశానంలోనూ చుక్క రాల్చని మనిషి అప్పుడు ఏడ్చాడు.

వదినా, ఎన్ని పద్యాలు బోధించిన దాన్నో, నీ గురించి నాలుగు ముక్కలు రాయడానికి నాకు మాటలు చాలడం లేదు. ఈ ఇంట్లో అందరం ఉన్నాం, పలకాల్సిన గొంతు ఒక్కటే లేదు. నీ పాదాలకు నా కన్నీటి నమస్కారం.